సగం పన్ను ఇల్లు

మావారు పోయిన రోజున వాన కురిసింది. ఇంటి ముందు కాలవలో నీళ్ళు ఎక్కడా ఆగకుండా పారుతున్నాయి. వచ్చినవాళ్ళు గొడుగులు మడిచి గోడకు ఆనించి లోపలికి వస్తుంటే, నేను గుమ్మంలో నిలబడి ఆ కాలవనే చూశాను. వీధిలో నీళ్ళు నిలవకపోతే ఇంటికి విలువ పెరుగుతుంది, విలువ పెరిగితే పన్ను పెరుగుతుంది. మున్సిపాలిటీలో ఇళ్ళకు విలువ కట్టి పన్ను వేసే ఉద్యోగం ఆయనది. వాన పడిన ప్రతిసారీ ఆ మాట అనేవారు. ఆ రోజు అనడానికి లేరు. కాలవ బాగా పారుతోందని ఎవరితోనైనా చెప్పాలనిపించింది.

ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే మా స్కూలు మూతపడింది. పక్క రాష్ట్రంలో నాకు టీచరు ఉద్యోగం దొరికింది. ఉన్న ఇంటిని అమ్మకానికి పెట్టి, ఆ వచ్చే డబ్బుతో అక్కడ చిన్న ఇల్లు చూసుకుందామని అత్తయ్యా నేనూ రైలెక్కాం. పోయిన వారం ఈ కథ ఆపిన చోట మేమిద్దరం గుట్ట మీది పేటలో మొదటి ఇల్లు చూసి, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగుతున్నాం. ఆ పేటలో పన్ను నామమాత్రం. ఎందుకు నామమాత్రమో దిగేటప్పుడు అత్తయ్య మోకాళ్ళు చెప్పాయి.

"ఈ ఇల్లు కొంటే నేను పైకి ఒక్కసారే ఎక్కుతానమ్మాయ్. మళ్ళీ దిగేది నలుగురి భుజాల మీదే" అంది.

"అలా మాట్లాడకండి అత్తయ్యా."

"మరెలా మాట్లాడను? ఊపిరాడక చస్తుంటే ఇంతకంటే మంచి మాటలు రావు."

రెండో ఇల్లు స్టేషను వెనక వీధిలో ఉంది. మేం వెళ్ళేసరికి స్కూళ్ళు వదిలే వేళయింది. కావాలనే ఆ వేళకు వెళ్ళాం. ఒక వీధికి విలువ కట్టాలంటే ఇళ్ళను చూడకూడదనీ, జనం ఇళ్ళ ముందు ఏమేం వదిలేసి లోపలికి వెళ్తున్నారో చూడాలనీ మావారు అనేవారు. పిల్లలు ఇంటికొచ్చే వేళయితే అది బాగా తెలుస్తుందట. మనుషులు దేన్ని బయట వదిలేసి నిశ్చింతగా ఉంటారో అదే ఆ వీధి అసలు విలువ అని ఆయన లెక్క.

ఆ వీధిలో ఒక సైకిలు తాళం లేకుండా గోడకు ఆని ఉంది. ఒక గుమ్మం ముందు చిన్న బూట్లు, ఒకటి నిలబడీ ఒకటి పక్కకు పడీ ఉన్నాయి. దండెం మీద దిండు గలీబులు ఆరుతున్నాయి. ఒకాయన కుర్చీ బయటే వదిలేసి, కుర్చీలో కళ్ళజోడు కూడా వదిలేసి లోపలికి వెళ్ళిపోయాడు. మేం వీధి చివరిదాకా వెళ్ళి తిరిగి వచ్చేసరికి కూడా ఆ కళ్ళజోడు అక్కడే ఉంది.

"వాడైతే ఈ వీధికి పన్ను బాదేసేవాడు" అంది అత్తయ్య. ఆ గొంతులో కొంచెం గర్వం ఉంది.

బాదేవారు. సొంత వీధినే వదల్లేదు. ఒకసారి మా వీధిలో ఇళ్ళన్నిటికీ విలువ తిరిగి కట్టాల్సి వచ్చినప్పుడు, మా ఇంటి ముందు వసారా బావుందని పక్కవాళ్ళ కంటే మాకే ఎక్కువ వేశారు. అత్తయ్య వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఏదైనా చెప్పాల్సి వస్తే నాకు చెప్పేది. "మున్సిపాలిటీ వారు భోజనానికి వస్తారేమో కనుక్కో" అనేది. ఆయన పక్కనే కూర్చుని వినేవారు. "వస్తారని చెప్పు" అనేవారు నాతో. ఆ వారమంతా ఇద్దరి మధ్యా నేను టపా మోశాను.

ఇల్లు అమ్మేది రిటైరైన బస్సు డ్రైవరు. తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. గేటు పైన వీధిలోకి చాచిన ఒక కమ్మీకి, ఇంటి వైపు తిప్పి, గుండ్రటి పెద్ద అద్దం బిగించి ఉంది. వీధి మొదలు నుంచి చివరిదాకా అందులో కనిపిస్తుంది.

"అలవాటు పోలేదండీ. వెనక ఏం వస్తోందో తెలియకపోతే నాకు ముందుకు నడవడం రాదు" అన్నాడాయన, మేం అద్దం వైపు చూడడం చూసి. అత్తయ్యను అక్కగారూ అనీ, నన్ను టీచరుగారూ అనీ పిలిచాడు. ఇల్లు చూపించేటప్పుడు కూడా బస్సు నడిపినట్టే, గది గదికీ ఆగి, మేం ఎక్కామా లేదా అని వెనక్కి చూసుకుంటూ నడిచాడు.

ముందు ఒక గది, వెనక ఒక గది, మధ్యలో వంటిల్లు. వెనకగదికి పెరట్లోకి తెరుచుకునే కిటికీ. పెరట్లో నిమ్మచెట్టు. వంటింటి గట్టు అత్తయ్య మోచేతికి సరిగ్గా అందే ఎత్తులో ఉంది. ఆవిడ దాని మీద మోచెయ్యి ఆనించి, ఆ ఇంట్లో చాలాకాలంగా ఉంటున్నదానిలా నిలబడింది. ఎక్కడా ఒక్క మెట్టు లేదు. కొత్త స్కూలు నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉంది.

అన్నిటికంటే నన్ను ఆశపెట్టింది పన్ను. ఇంత మంచి వీధిలో డ్రైవరుగారు ఫోన్లో చెప్పిన పన్ను గుట్ట మీది ఇంటి పన్నంతే ఉంది. రైల్లో అత్తయ్యా నేనూ దాని గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. ఈ రాష్ట్రంలో మదింపు చేసేవాళ్ళకు పని రాదని తేల్చేశాం.

వంటింట్లో ముగ్గురం కూర్చున్నాక అడిగాను. "మీరు చెప్పిన పన్ను ఏడాదికేనా, ఆర్నెల్లకా?"

"ఏడాదికే టీచరుగారూ. నేను కట్టేది అంతే."

"మేం కట్టేది కూడా అంతే కదా?"

ఆయన మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టాడు. "అదెలా కుదురుతుందండీ? నాకు డెబ్భై దాటాయి. ఇక్కడ డెబ్భై దాటినవాళ్ళు సొంతింట్లో కాపురముంటే సగం పన్నే. పైగా ఇల్లు చేతులు మారితేనే మళ్ళీ విలువ కడతారు. నేను కొన్నప్పుడు కట్టిన విలువ మీదే ఇప్పటికీ నడుస్తోంది. మీరు కొన్నాక కొత్త విలువ, పూర్తి పన్ను." మా ఇద్దరి మొహాలూ చూసి కంగారుపడ్డాడు. "ఫోన్లో నా పన్నెంతని అడిగారు, చెప్పాను. మిగతాది మీకు తెలిసే ఉంటుందనుకున్నా. మీవారు ఆ ఆఫీసేనన్నారు కదా."

మా రాష్ట్రంలో పన్ను ఇంటికి పడుతుంది, ఇంట్లో ఎవరుంటే వారు కడతారు. ఇక్కడ మనిషిని బట్టి పడుతుంది. ఇరవై ఏళ్ళు పన్నుల మనిషితో కాపురం చేసిన నేనూ, ఆ మనిషిని కన్న తల్లీ కలిసి, అడగాల్సిన ఒక్క ప్రశ్నా అడక్కుండా రైలెక్కి వచ్చాం.

"వాడి పరువు తీశాం" అంది అత్తయ్య. నాకు నవ్వొచ్చింది. ఆవిడకీ వచ్చింది. డ్రైవరుగారు ఏమీ అర్థంకాక తనూ నవ్వాడు.

నవ్వు ఆగాక మనసులోనే లెక్క చూసుకున్నాను. కొత్త విలువ మీద పూర్తి పన్నంటే నా జీతం తట్టుకోదు. సగమైతే తట్టుకుంటుంది. అంతే, వెంటనే నోరు తెరిచాను.

"అత్తయ్యా, మీకు డెబ్భై నాలుగు."

"తెలుసు. నేనేం దాచలేదు."

"ఇల్లు మీ పేరున కొందాం. అప్పుడు మనకీ సగం పన్నే."

దారి దొరికిందన్న సంతోషంలో అన్నాను. అత్తయ్య మొహంలో నవ్వు పోయింది. నా వైపు చూడకుండా డ్రైవరుగారిని అడిగింది. "అన్నయ్యగారూ, పేరుంటే చాలా, మనిషి కూడా ఇక్కడే ఉండాలా?"

"ఉండాలక్కగారూ. ఏడాదికోసారి ఆఫీసువాళ్ళు వస్తారు. తలుపు మీరే తియ్యాలి. పోయినసారి నేను స్నానంలో ఉన్నా. తువ్వాలు చుట్టుకునే సంతకం పెట్టా."

"అయితే కుదరదమ్మాయ్" అంది అత్తయ్య. "నేను చిట్టి దగ్గరికి వెళ్ళిపోతున్నాను. నీకో ఇల్లు కుదిర్చి పోదామని వచ్చాను."

చిట్టి మా ఆడపడుచు. మావారికి ఒక్కతే చెల్లెలు. రైలు దారిలో సగం దూరంలో ఉంటుంది.

డ్రైవరుగారు పాలు తెస్తానని లేచాడు. పాలగిన్నె నిండా పాలు గట్టు మీదే ఉన్నాయి. ఆయన గేటు దాకా వెళ్ళి అక్కడే మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. తెరిచిన తలుపుల్లోంచి పైనున్న అద్దంలో ఆయన మొహం కనిపిస్తోంది. ఆయనకు మేమూ కనిపిస్తూనే ఉండాలి.

"ఎప్పుడు అనుకున్నారు?" అన్నాను.

"నీకు ఉద్యోగం వచ్చిన రోజే. చిట్టి గది కూడా సర్దేసింది. గోడలకు నాకిష్టమైన రంగు వేయించిందట. నాకిష్టమైన రంగేదో నాకే తెలీదు, దానికెలా తెలిసిందో!"

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగితేగా? నాతో రండి అత్తయ్యా అని ఒక్కసారైనా అన్నావా?"

వెతుక్కున్నాను. రెండు టిక్కెట్లు కొన్నాను. రెండు పడకగదులున్న ఇళ్ళే చూశాను. ఆవిడ కాళ్ళపీట మొట్టమొదట అట్టపెట్టెలో పెట్టింది నేనే. అడగడం మాత్రం ఎక్కడా లేదు.

"అడగాలని తోచలేదు అత్తయ్యా. రేపు పొద్దున కూడా మీరు ఇంట్లో ఉంటారా అని ఏ రోజూ అడగలేదు కదా."

"ఇవాళ అడిగావు. సగం పన్ను కోసం."

ఆవిడ గట్టిగా అనలేదు. కూర్చున్న కుర్చీలోంచి కదల్లేదు కూడా. బళ్ళో పిల్లలు తప్పు రాస్తే కొట్టేసి పక్కన ఒప్పు రాయిస్తాను. పాతికేళ్ళుగా అదే నా పని. నోటి నుంచి జారినదాన్ని అలా కొట్టేసి రాయడం కుదరదు. ఒక్కో మాటా చూసుకుని అన్నాను.

"అయితే ఈ ఇల్లొద్దు. గుట్ట మీది ఇల్లు కొంటాను."

"ఎందుకూ?"

"అక్కడ పూర్తి పన్నయినా కట్టగలను. మీ పేరుతో పని లేదు, రాయితీతో పని లేదు. ఆ ఇల్లు కొన్నాక, నాతో ఉండండి అత్తయ్యా అని అడుగుతాను. అప్పుడైనా నమ్ముతారా?"

"ఆ మెట్లెవరు ఎక్కుతారు?"

"మోస్తాను."

"నువ్వా? సరుకుల సంచీ గుమ్మం దాటించేసరికి మూడుసార్లు దింపుతావు. నన్ను ఎన్ని మెట్లకోసారి దింపుతావు?"

"మీరు అలిగిన మెట్టు దగ్గరల్లా."

ఆవిడ పెదవులు బిగించింది. నవ్వు ఆపుకున్నప్పుడు మావారు కూడా అలాగే బిగించేవారు. తర్వాత చీరకొంగు వేళ్ళకు చుట్టుకుంటూ నెమ్మదిగా చెప్పింది.

"నీకు నలభై ఆరు, అమ్మాయ్. కొత్త ఊరు, కొత్త మనుషులు. వెనకాల ముసలిదాన్ని తగిలించుకుని వెళ్తే, పోయినాయన భార్య, ఆవిడేమో ఆయన తల్లి, అంటారు. ఇంకేం చూడరు నీలో. అదొకటి. వాడు పోయాక నువ్వు సరిగ్గా ఏడవను కూడా లేదు. నా ముందు ఏడవకూడదని బిగబట్టుకున్నావు. గోడకవతల పడుకునేదాన్ని, నాకు తెలీదా? నేను పక్కన లేకపోతేనన్నా ఏడుస్తావని."

నేను వంటింటి గట్టు వైపు తిరిగాను. పాలగిన్నె మీద మూత సరిగానే ఉంది. తీసి, పెట్టి, మళ్ళీ తీశాను.

"ఆయన గురక పెట్టేవారు" అన్నాను.

"ఏంటీ?"

"నిద్రలో గురక పెట్టేవారు. పెట్టేవాడు కాదని మీరంటారు."

"పెట్టేవాడు కాదు."

"చూశారా! నేను పెట్టేవారంటాను, మీరు కాదంటారు. ఆయన పోయాక కూడా ఇదే గొడవ ఎన్నిసార్లు పడ్డాం? మీరు చిట్టి దగ్గరికి వెళ్ళిపోతే ఇక నేనన్నదే నిజమైపోతుంది. కాదనేవాళ్ళుండరు. ఆయన గురించి నేను ఏం చెప్పినా ఊఁ కొట్టేవాళ్ళే ఉంటారు ఈ ఊళ్ళో. నాకు అది వద్దు అత్తయ్యా. నాకు ఊఁ కొట్టేవాళ్ళు వద్దు."

ఇంత పొడుగు మాట నేను చాలాకాలంగా మాట్లాడలేదు. అత్తయ్య లేచి వచ్చి, నా చేతిలోంచి మూత తీసుకుని తనే గిన్నె మీద పెట్టింది.

"చిన్నప్పుడు జలుబు చేస్తే పెట్టేవాడేమో" అంది. "మామూలప్పుడు కాదు."

నేను ఏడ్చాను. ఆవిడ నా వీపు మీద చెయ్యి వేసి ఊరుకుంది. ఆపమని అనలేదు. అద్దంలో డ్రైవరుగారు తల దించుకుని, గేటు గొళ్ళెం వేసి, తీసి, మళ్ళీ వేశాడు.

అప్పుడే అత్తయ్య సంచీలో ఫోను మోగింది. ఆవిడకు చెవి కొంచెం మందం, స్పీకరు పెడితేనే వినిపిస్తుంది. అందుకని మా ఇంట్లో ఫోన్లో రహస్యాలు నడవవు.

"ఏమ్మా, వదినకి ఇల్లు దొరికిందా?" చిట్టి గొంతు వంటింటి నిండా వినిపించింది.

"దొరికిందే. నా పేరున కొంటే సగం పన్నట. ఏడాదికోసారి ఆఫీసువాళ్ళు వస్తే తలుపు నేనే తియ్యాలట."

నేను చెయ్యెత్తి ఆపబోయాను. అప్పటికే అయిపోయింది.

"తలుపు నువ్వు తియ్యడమేంటి? నువ్వక్కడ ఉంటున్నావా? వదినా, అక్కడే ఉన్నావా?"

"ఉన్నాను చిట్టీ."

"అన్నయ్య పోయిన నెలకి నిన్నడిగాను, గుర్తుందా? అమ్మ ఎక్కడుంటుంది వదినా అని. నువ్వు మాట్లాడలేదు. సర్లే, పాపం వదిన మొహమాటపడుతోంది, అమ్మని చూసుకోవడం కష్టంగా ఉందేమో, నోరు తెరిచి చెప్పలేకపోతోందేమో అనుకున్నా. ఆ మాట నీ చేత అనిపించకూడదనే గది సర్దాను. ఇప్పుడు పన్ను తగ్గుతుందనగానే అమ్మ కావాల్సొచ్చిందా?"

"నువ్వు అడుగుతుంటే నీకు కావాలేమో అనుకున్నాను. నీ అమ్మ కదా. అడ్డం రాకూడదని ఊరుకున్నాను."

"మీ ఇద్దరికీ నోళ్ళున్నాయి" అంది అత్తయ్య. "ఒకదానికి తెరవడం రాదు, ఒకదానికి మూయడం రాదు."

"నువ్వుండమ్మా. నాకు కావాలనే అడిగాను వదినా. అన్నయ్య లేడు, నాకు పుట్టింటి వైపు మిగిలింది అమ్మొక్కతే." చిట్టి గొంతులో కోపం అక్కడితో అయిపోయింది. "నిన్నేదో అనాలని కాదు. నువ్వంటే నాకేం తక్కువ కాదని నీకు తెలుసు. కానీ అమ్మ మీ రాయితీ కాగితాల్లో ఉంటే నేను చూడలేను. రేపు పొద్దున బండికి వస్తున్నాను. నేనొచ్చేదాకా ఏ సంతకమూ పెట్టొద్దు."

"తింటానికేమన్నా తెచ్చుకో, ఇక్కడ లాడ్జీలో ఏమీ బాగోదు" అంది అత్తయ్య.

చిట్టి పెట్టేసింది.

డ్రైవరుగారు పాలు లేకుండానే వెనక్కి వచ్చాడు. ఎందుకు వెళ్ళాడో మేం అడగలేదు. టీ పెట్టి మా ముందుంచాక, ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు. ఇల్లు చూడ్డానికి ఇంకొకరు రేపు మధ్యాహ్నం వస్తున్నారట. వాళ్ళు డబ్బుతోనే వస్తారట. "మీకే ఇవ్వాలని ఉంది టీచరుగారూ. వాళ్ళొచ్చేలోగా ఒక్క మాట చెప్పండి, వాళ్ళని నేను ఆపేస్తాను. మీరు ఏ మాటా చెప్పకుండా వాళ్ళని వదులుకుంటే మా తమ్ముడు నన్ను బతకనివ్వడు."

చెబుతామన్నాను.

టీ తాగి అత్తయ్య మళ్ళీ వెనకగదిలోకి వెళ్ళింది. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఆవిడ కిటికీ తలుపు తోసి చూసింది. కొంచెం బిగుసుకుంది, అరచేత్తో కొట్టి తెరిచింది. పొద్దుటి ఎండ ఏ గోడ మీద పడుతుందని డ్రైవరుగారిని అడిగింది. ఆయన చూపించాడు. మంచం ఎటు వేసుకున్నారని అడిగింది. ఆయన అదీ చూపించాడు.

"ఇటు తల పెట్టుకుంటే రైలు చప్పుడు నేరుగా చెవిలోకే కదా అన్నయ్యగారూ?"

"నాకు అదే జోల అక్కగారూ."

"మీకు జోల. చెవి మందమైనా నాకు అది వినిపిస్తుంది." గోడ నుంచి గోడకు ఒకసారి నడిచి, కిటికీ వేసి గడియ పెట్టింది. ఇంటిని చూస్తోందో, ఇంట్లో నన్ను ఒంటరిగా వదిలి వెళ్ళడం ఎలా ఉంటుందో చూస్తోందో ఆవిడ వీపు చూసి నాకు తెలియలేదు.

వీధిలోకి వచ్చాక నా చెయ్యి పట్టుకుని నడిచింది. లాడ్జీ దాకా వదల్లేదు. గురక గురించి ఇంకోసారి పోట్లాడుకున్నాం. గుట్ట మీది ఇంటి మాట ఇద్దరం ఎత్తలేదు.

రేపు పొద్దున చిట్టి దిగుతుంది. మధ్యాహ్నంలోగా డ్రైవరుగారికి జవాబు చెప్పాలి. నాతో ఉంటానని గానీ, ఉండనని గానీ అత్తయ్య ఇంకా చెప్పలేదు.